అన్ని టిక్కులూ మొదటి గడిలోనే

ఆంధ్రా పారిస్ నుంచి

మా తెనాలిని ఆంధ్రా పారిస్ అని ఎవరు, ఎందుకు అన్నారో నాకు తెలియదు కానీ, ఊళ్లో పుట్టినవాళ్లెవరూ ఆ బిరుదు వదులుకోరు. అందుకని పాండిచ్చేరి వెళ్లే పని పడగానే, నిజంగా ఫ్రెంచివాళ్లు ఏలిన ఊరు మా ఊరి ముందు ఏపాటిదో తేల్చుకొద్దామని ఉత్సాహంగా బయలుదేరాను. తిరిగొచ్చి పదిహేను రోజులైంది. చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చూసినవాళ్లు తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

పనేమిటో ముందే చెప్పాలి. నేను కాలేజీలో రాజనీతిశాస్త్రం పాఠాలు చెబుతాను. దక్షిణాదిలో మాలాంటి అధ్యాపకులకు ఒక సంఘం ఉంది. అది ఏటా ఒక మంచి పరిశోధనకు బహుమతి ఇస్తుంది. ఒట్టి అంకెల పరిశోధనకు కాదు. జనం మధ్య కూర్చుని, అడిగి, విని, అవసరమైతే దానికి లెక్కలు కూడా జోడించి చేసిన పనికి. ఈసారి న్యాయనిర్ణేతలం ముగ్గురం. మద్రాసు నుంచి ప్రొఫెసర్ వేదగిరి గారు, మైసూరు నుంచి లలితాంబ గారు, తెనాలి నుంచి నేను.

వచ్చినవాటిలో వడపోయగా ఒక్క పరిశోధన మిగిలింది. రాసింది సుగుణ అనే చిత్తూరు అమ్మాయి. పాండిచ్చేరి బజారులో తరతరాలుగా వ్యాపారం చేసుకుంటున్న తెలుగువాళ్లు, తమ వీధికి ఒక కుళాయో దీపమో కావలసి వస్తే ఎవరి దగ్గరికి పోతారు అన్నది విషయం. ఏడాదిపాటు వాళ్ల కొట్ల ముందు కూర్చుని ఆ అమ్మాయి తెలుసుకున్నదేమిటంటే, వాళ్లు ముందు వీధి పెద్ద దగ్గరికి పోతారు, ఆయన తన వియ్యంకుడికి చెబుతాడు, ఆ వియ్యంకుడు పార్టీ మనిషిని పట్టుకుంటాడు, ఆఫీసరు మొహం చూసేది అందరికంటే చివర. చదువుతుంటే మా మెయిన్ రోడ్డు నా కళ్లకు కట్టింది.

చిక్కల్లా పుస్తకం చివర ఉంది. ఆ అమ్మాయి మాటలతో ఊరుకోకుండా ఒక ఫారం కూడా అచ్చు వేయించి పంచింది. అందులో మూడే ప్రశ్నలు. మూడింటికీ మొదటి గడి 'ప్రభుత్వ అధికారి దగ్గరికి' అన్నదే. దాదాపు అందరూ మొదటి గడిలోనే టిక్కు పెట్టారు. అంటే నోటితో చెప్పింది ఒకటి, కాగితం మీద చెప్పింది దానికి పూర్తిగా తలకిందులు. సుగుణ దాన్ని దాచలేదు. "మాటలూ టిక్కులూ కలవలేదు. నేను మాటలనే నమ్మాను. కారణం నాకు తెలుసు, కానీ చెప్పనని మాట ఇచ్చాను" అని మూడు వాక్యాలు రాసి వదిలేసింది.

వేదగిరి గారికి ఒళ్లు మండింది. "కారణం తెలిసి కూడా చెప్పని పరిశోధన నా సర్వీసులో చూడలేదు. కాగితాలు చేతిలో ఉన్నాయి, మాటలు గాలిలో ఉన్నాయి. ఆ మాటలు ఈమె కల్పించి ఉంటుంది. బహుమతి సంగతి అలా ఉంచి, ఈమెకు పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయానికి మనం ఫిర్యాదు రాయాలి" అని నాకు రెండు పేజీల ఉత్తరం పంపారు. లలితాంబ గారు మీరిద్దరూ ఎటు ఒప్పుకుంటే నేనూ అటే అని కార్డు ముక్క రాశారు. ఆ ఫిర్యాదే వెళితే ఆ అమ్మాయి పట్టా పోతుంది, కొత్తగా వచ్చిన లెక్చరరు ఉద్యోగమూ పోతుంది. మొత్తం బరువు నా నెత్తిన పడింది. ఈ ఏడు సంఘం వార్షిక సమావేశం కూడా పాండిచ్చేరిలోనే కాబట్టి, రెండు రోజులు ముందుగా వెళ్లి ఆ బజారేదో నా కళ్లతో చూద్దామనుకున్నాను.

మా పక్కింటి కోటేశ్వరరావు తాళ్ల వ్యాపారి. పాండిచ్చేరిలో తాళ్ల కొట్టున్న రంగయ్య నాయుడనే ఆయనతో మద్రాసు టోకు బజారులో పదేళ్లుగా కలుస్తుంటాడు. ఆయన పేర నాకొక పరిచయ ఉత్తరం రాసిచ్చాడు. కవరు అంటించబోతుంటే మా ఆవిడ అడ్డుపడి, "ఆయనకు షుగరుంది, తీపి పెట్టొద్దని కూడా రాయండన్నయ్యా" అని దగ్గరుండి ఒక వాక్యం రాయించింది. నేను అక్కడే ఉండి విన్నాను. నా మీద మా ఆవిడకున్న నమ్మకం అంతటిది.

ఎర్ర టోపీలు, తాళ్ల కొట్టు

మద్రాసు నుంచి బస్సులో పాండిచ్చేరి చేరేసరికి పదిన్నర. దిగగానే కనిపించేది పోలీసుల ఎర్ర టోపీ. గుండ్రంగా, నిటారుగా, తల మీద డబ్బా బోర్లించినట్టుంటుంది. మా ఊళ్లో అయితే ఆ టోపీ పెట్టుకున్నవాణ్ణి నాటకంలో వేషం అనుకుంటారు. ఇక్కడ అందరూ బుద్ధిగా వాళ్లు చెయ్యెత్తితే ఆగుతున్నారు.

వీధులు మాత్రం గళ్ల పుస్తకంలో గీతలు గీసినట్టు తిన్నగా ఉన్నాయి. మా తెనాలిలో కాలవలు తిన్నగా ఉంటాయి, వీధులు వాటి ఇష్టం. ఇంత తిన్నని ఊళ్లో కూడా నేను మోసపోయాను. సైకిలు రిక్షా అతను రెండు రూపాయలు మాట్లాడుకుని, సముద్రం చూపించి, పెద్ద తోట చూపించి, రెండు చర్చీలు చూపించి లాడ్జి దగ్గర దింపాడు. సాయంత్రం తెలిసింది, బస్సు దిగినచోటికి లాడ్జి నాలుగు వీధుల అవతలే ఉందని. కోపం వచ్చింది కానీ, విడిగా ఊరు చూడాలన్నా రెండు రూపాయలయ్యేవని సరిపెట్టుకున్నాను. లాడ్జి గది రోజుకు పదిహేను రూపాయలు. కిటికీ తెరిస్తే సముద్రపు గాలి, మూస్తే దోమలు.

దారిలో ఒక చెట్ల నీడన నలుగురు ముసలివాళ్లు అరచేతిలో పట్టే ఇనప గుండ్లు విసురుతూ ఆడుతున్నారు. ఫ్రెంచి సైన్యంలో చేసి పింఛను తీసుకుంటున్నవాళ్లట. నేను నిలబడి చూస్తుంటే ఒకాయన గుండు నా చేతిలో పెట్టి విసరమన్నాడు. విసిరాను. అది వెళ్లి ఆయన సైకిలుకు తగిలింది. నలుగురూ నవ్వారు, ఆయన కూడా నవ్వాడు. సైకిలుకు ఏమీ కాలేదు.

బజారులో రంగయ్య నాయుడి కొట్టు కనుక్కోవడం తేలికైంది. కొబ్బరి తాళ్లు, నైలాను తాళ్లు, వలలు అల్లే దారపు ఉండలు పైకప్పు దాకా వేలాడుతున్నాయి. మధ్యలో అరవై అయిదేళ్ల మనిషి, తెల్ల చొక్కా, నుదుట సన్నని నామం.

"యాడ నించి వస్తా ఉండారు సామీ? సాపాటు అయిందా?" అన్నాడు. మా ఊళ్లో కొత్త మనిషిని ముందు ఎవరి తాలూకు అని అడుగుతారు. ఇక్కడ భోజనమైందా అన్నది ముందు, ఎవరన్నది తరవాత.

ఉత్తరం అందించాను. ఆయన రెండు చేతులతో అందుకుని, కళ్లకద్దుకుని, కవరు చింపి, పైనుంచి కిందికి చాలాసేపు చూశాడు. మొహం నిండా సంతోషం.

"రొంబ బాగా రాసినాడు కోటేశ్వరరావు. రొంబ బాగా రాసినాడు" అని మడిచి, వెంకటేశ్వరస్వామి పటం ముందు పెట్టాడు. తరవాత కాఫీ తెప్పించాడు. ఇత్తడి గ్లాసు అడుగున అర అంగుళం చక్కెర. వెంటనే ఆకులో రెండు జాంగిరీలు. ఉత్తరంలో మా ఆవిడ వాక్యం అక్షరాలు చిన్నవై కనబడలేదేమో అనుకున్నాను. లోపల నా ప్రాణం జాంగిరీ కోసం కొట్టుకుంటోంది కాబట్టి ఎక్కువ ఆలోచించలేదు కూడా. తిని, లాడ్జికి వెళ్లి రెండు మాత్రలు వేసుకున్నాను.

తినేటప్పుడే మెల్లగా కదిపాను. "నాయుడుగారూ, మీ వీధిలో కుళాయి చెడిపోతే ఎవరికి చెప్పుకుంటారు?"

"ఎవురికేంది? మా వీధికి పెద్ద నేనే గదా. నాకు చెప్తారు. నేను మా వియ్యంకుడికి చెప్తా. ఆయనకి తెలిసినోళ్లు ఉండారు."

"ఆఫీసరు దగ్గరికి పోరా?"

"ఆపీసరా? ఆయన పేరు గూడా తెలీదు సామీ మాకు!" అని తాళ్లన్నీ ఊగేలా నవ్వాడు.

సుగుణ రాసింది ముమ్మూర్తులా ఇదే. మరి ఆ టిక్కులేమిటి? "పోయినేడు ఒక అమ్మాయి ఫారాలు పంచిందటగా" అన్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది. ఎవరూ అడగని తాడు ఒకటి తీసి మూరతో కొలవడం మొదలుపెట్టాడు. కొలిచిందే మళ్లీ కొలిచాడు. వెళ్లొస్తానని లేస్తుంటే మాత్రం, మర్నాడు సారం అనే పేటలోని తమ ఇంటికి భోజనానికి రావాలని ఒట్టు వేయించుకున్నాడు.

ఆ సాయంత్రం సమావేశం జరిగే కాలేజీకి వెళ్లి పేరు నమోదు చేయించుకున్నాను. బల్ల వెనక నీలం చీర కట్టుకున్న సన్నటి అమ్మాయి నా పేరు చూసి చటుక్కున లేచి నిలబడింది. ఆమె పైటకు పిన్నుతో గుచ్చుకున్న కాగితం మీద సుగుణ అని ఉంది. నిర్ణేతలు పోటీలో ఉన్నవాళ్లతో మాట్లాడకూడదని నియమం. నేను థాంక్సు అని నేల చూపులు చూస్తూ బయటపడ్డాను. వెళుతూ ఒకసారి వెనక్కి చూస్తే ఆ అమ్మాయి ఇంకా నిలబడే ఉంది. తనమీద ఏదో వస్తోందని ఎవరో చెప్పే ఉంటారు. నాకు చాలా జాలేసింది.

సారంలో విందు

రెండోరోజు పొద్దున పొడుగాటి ఫ్రెంచి రొట్టె ఒకటి కొనుక్కుని, చట్నీ లేకుండా ఎలా తింటారో అర్థం కాక, పక్క హోటలులో సాంబారు పోయించుకుని తిన్నాను. హోటలు అతను నన్ను వింతగా చూశాడు కానీ సాంబారుకు డబ్బులు తీసుకోలేదు. ఇలాంటి మర్యాద పారిస్‌లో ఉంటుందో లేదో.

సారం పాత ఊరికి పడమట. నాయుడి ఇల్లు చిన్నదే, ముందు రెండు కొబ్బరి చెట్లు. ఆయన భార్య కామాక్షమ్మ గుమ్మంలోనే, "రాండి అన్నా, కాళ్లు కడుక్కోండి" అని చెంబు అందించింది. నా కోసం బజారులోని తెలుగు వ్యాపారులను మరో ఇద్దరిని పిలిచారు. అరిటాకులో అన్నం, సాంబారు, చేమదుంపల వేపుడు, అప్పడం. మా గుంటూరు జిల్లా నాలుకకు కారం చాలలేదు. "ఇంకొంచెం కారం ఉందా అమ్మా" అంటే ఆవిడ లోపలికి వెళ్లి ఎండుమిరపకాయలు వేయించి తెచ్చి ఆకులో వేసి, నేను వాటిని నములుతుంటే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని చూసింది.

అంతవరకూ బాగానే ఉంది. తరవాత పాయసం వచ్చింది. వద్దన్నాను. బొబ్బట్టు వచ్చింది. వద్దన్నాను. మైసూరుపాకు వచ్చింది. ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"ఏందన్నా, మా చేతి తీపి నచ్చలేదా?" అంది కామాక్షమ్మ, మొహం చిన్నబుచ్చుకుని.

"అయ్యో, నచ్చకపోవడమేమిటమ్మా! నాకు షుగరుంది. తీపి పెట్టొద్దని ఉత్తరంలో స్పష్టంగా రాశారు కదా, నాయుడుగారు చదివే ఉంటారు!" అన్నాను, గట్టిగా, నవ్వుతూ.

ఎవరూ నవ్వలేదు. ఆ ఇద్దరు వ్యాపారులూ ఆకుల్లోకి తలలు దించేశారు. నాయుడి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కామాక్షమ్మ ఆయన వంక చూసి, గబగబా పాయసం గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. అప్పుడు వెలిగింది నాకు. ఆయన ఆ ఉత్తరం చదవలేదు. చదవలేడు. నాలుక్కరుచుకున్నాను కానీ అప్పటికే ఆలస్యమైంది. అంత ప్రేమతో పిలిచి పెట్టినవాళ్లను వాళ్ల ఇంట్లోనే, నలుగురిలో తలదించుకునేలా చేశాను. తెలివైనవాణ్ణని మా కాలేజీలో నాకు పేరు.

వైతికుప్పం ఇసుకలో

నాయుడు ఇక మళ్లీ నా మొహం చూడడనుకున్నాను. సాయంత్రం నాలుగింటికి ఆయనే లాడ్జికి వచ్చాడు. "అట్ల వైతికుప్పం దాకా పోయొస్తాం, రాండి. పడవలోళ్లకి దారం చెప్పాల" అన్నాడు. ఊరికి ఉత్తరాన సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల పల్లె అది. పడవల నీడల్లో మగవాళ్లు వలలు బాగుచేసుకుంటున్నారు. నాయుడు అందరినీ పేరుపేరునా పలకరించి, చివరికి ఒక పడవ పక్కన ఇసుకలో కూర్చుని, చొక్కా జేబులోంచి కోటేశ్వరరావు ఉత్తరం తీశాడు.

"చదివి చెప్పండి సామీ."

చదివాను. యోగక్షేమాలు, కొబ్బరి నార ధర, తన కూతురికి సంబంధం కుదిరిన సంగతి, నన్ను కాస్త కనిపెట్టుకుని ఉండమన్న మాట, చివర మా ఆవిడ వాక్యం, "ఈయనకు షుగరుంది, తీపి పెట్టొద్దు, కనపడితే ఆగరు, మీరే ఆపాలి." అక్కడికి వచ్చేసరికి నాయుడు ముందు నోరు తెరిచాడు, తరవాత పొట్ట పట్టుకున్నాడు. నాకూ నవ్వు ఆగలేదు.

"నేను మీకు విషం పెట్టినా గదా సామీ, జాంగిరీలు!"

"రెండు తిన్నాను. మూడోది మీరు పెట్టలేదు."

నవ్వడం అయ్యాక ఆయన సముద్రం వంక చూస్తూ చెప్పాడు. "మా తాత కాలం నించి ఈడనే ఉండాము. ఇంట్లో మాట్లాడేది తెలుగు. బడిలో ఫ్రెంచి చెప్పినారు. వీధిలో అరవం నేర్చుకొంటిమి, రాసేది గూడా అదే. తెలుగు అచ్చరం చెప్పేవోళ్లు ఈడ ఎవురుండారు? ఆ బిడ్డ సుగుణ వచ్చి తెలుగులో మాట్లాడతా ఉంటే, మా అక్క బిడ్డే వచ్చినట్ల ఉండింది. ఏడాది మాట్లాడినాము. ఆకర్న తెలుగు అచ్చరాల్లో కాగితం ఇచ్చి, రాసి పెట్టండి మామా అనింది. మాకు చదవను రాదని ఎట్ల చెప్పేది? తెలుగోళ్లమని అంత గొప్ప చెప్పుకొంటిమే!"

"అందుకని..."

"అందరం మా కడలో, తాళ్ల కొట్లోనే, కూడినాము. గడులుండాయి, గుర్తు పెట్టాలని తెలుసు. ఒకరు ఒగ మాదిరి, ఒకరు ఒగ మాదిరి పెడితే ఆ బిడ్డకి అనుమానం వస్తదని, అందరూ మొదటి గడిలో పెట్టండని నేనే చెప్పినా." ఈ మాట ఆయన కాస్త గర్వంగానే అన్నాడు. వీధి పెద్ద కదా.

తరవాత ఒకనాడు సుగుణ ఏదో చీటీ ఇస్తే ఆయన తలకిందులుగా పట్టుకున్నాడట. ఆమెకు తెలిసిపోయింది. పుస్తకంలో రాయొద్దని ఆయన చేతులు పట్టుకుని అడిగాడు. ఆయన మనవరాలికి నెల్లూరు వైపు సంబంధం చూస్తున్నారు. తెలుగు రాని తెలుగువాళ్లని అచ్చులో పడితే అటువైపువాళ్లు ఏమంటారోనని భయం. రాయనని ఆమె మాట ఇచ్చింది.

ఇక్కడ నేను చేయకూడని పని ఒకటి చేశాను. కమిటీ సంగతులు బయట చెప్పకూడదు. చెప్పాను. రేపు ఉదయం మేము ముగ్గురం కూర్చుంటామని, మాటలు కల్పించిందని ఆ అమ్మాయి మీద ఫిర్యాదు రాసే ప్రమాదం ఉందని, ఆమె నోరు విప్పకపోవడమే దానికి కారణమని. మీరు రాసివ్వండని మాత్రం అడగలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు.

"మా కోసరం ఆ బిడ్డ దొంగ అనిపించుకుంటా ఉండాదా?" అన్నాడు నాయుడు. లేచి, పంచెకు అంటిన ఇసుక దులుపుకుని, నా కోసం కూడా ఆగకుండా బజారు వైపు నడిచాడు.

కాలేజీ మేడ మీద గది

మర్నాడు నేను మొహం కడుక్కుంటుండగానే నాయుడు వచ్చాడు. ఒక చేతిలో కవరు, ఇంకో చేతిలో కాగితం పొట్లం. "ఈ పొట్లం మీకు. మురుకులు. ఉప్పు, వాము, అంతే. తీపి ఒగ పలుకు గూడా లేదు. మీ ఇంట్లో అమ్మకి చెప్పండి" అన్నాడు. "ఇది పెద్దోళ్లకి."

కవరు తెరిచాను. రెండు పేజీలు, కింద ఎనిమిది సంతకాలు. అన్నీ అరవ అక్షరాలు. నాకు అరవం అక్షరం ముక్క రాదు.

"అరవంలో రాశారా?"

"మాట తెలుగే సామీ. అచ్చరాలే మాకు వచ్చినవి."

కాగితాన్ని పైనుంచి కిందికి చూశాను. అటు తిప్పి, ఇటు తిప్పి చూశాను. ఇక చేసేదేమీ లేక, "చాలా బాగా రాశారు నాయుడుగారూ" అన్నాను.

ఆయన నా భుజం మీద ఒక్క చరుపు చరిచి నవ్వాడు. ఆ నవ్వుకు లాడ్జి యజమాని మేడమీదికి వచ్చి చూశాడు.

కమిటీ కూర్చున్నది కాలేజీ మేడ మీద గదిలో. వేదగిరి గారు ఇస్త్రీ మడత నలగని మనిషి. ఫిర్యాదు చిత్తుప్రతి ఇంగ్లీషులో ముందే టైపు చేయించి తెచ్చారు. లలితాంబ గారు దాన్ని చదివి నిట్టూర్చి, నా వంక చూశారు. నేను కవరు వేదగిరి గారికి ఇచ్చాను. "ఇది మీరు చదవాలి, నాకు రాదు" అన్నాను.

ఆయన కళ్లజోడు సవరించుకుని చూసి మొహం చిట్లించారు. "ఇవి మా అక్షరాలే. భాష మాది కాదు. నాకేమీ అర్థం కావడం లేదు."

"అర్థం కానక్కర్లేదండీ. పైకి చదవండి చాలు. నేను వింటాను."

ఆయన నన్ను అనుమానంగా చూసి, చదవడం మొదలుపెట్టారు. నోట్లో గులకరాళ్లు వేసుకున్నట్టు ఒక్కో మాటా తడుముకుంటూ, ఎక్కడ విరవాలో తెలియక విరుస్తూ. నేను విన్నది విన్నట్టు ఇంగ్లీషులో చెబుతూ వచ్చాను. నాయుడి మాటలు ఇవి:

"పరీచ్చ చేసే పెద్దోళ్లకు తాళ్లకడ రంగయ్య నాయుడు దండం పెట్టి రాసేది. ఆ బిడ్డ మా కడల్లో ఏడాది కూసునింది. మేము చెప్పినదే రాసింది. కాగితం తెలుగు అచ్చరాల్లో ఉండింది. మాకు తెలుగు మాట్లాడను వస్తుంది, చదవను రాదు. రాదని చెప్పేదానికి సిగ్గుపడినాము. అందరం కూడి మొదటి గడిలో గుర్తు పెట్టినాము. తప్పు మాది. మా మర్యాద కాపాడను ఆ బిడ్డ నోరు మూసుకొనింది. ఇప్పుడు మేమే చెప్తా ఉండాము. పుస్తకంలో వేసుకోండి. పెళ్లిసంబంధం వాళ్లు ఏమనుకొన్నా సరే."

చివరి వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పడం మరిచిపోయి వింటూ ఉండిపోయాను. వేదగిరి గారు ఆగి, "నేనిప్పుడు ఏం చదివాను?" అని అడిగారు. చెప్పాను. ఆయన కాగితం బల్లమీద పెట్టి, సంతకాలను ఒక్కొక్కటే వేలితో తాకుతూ చూశారు.

తరవాత సుగుణ పుస్తకం చివర కుట్టిన ఖాళీ ఫారం తెరిచారు. అది తెలుగు లిపిలో ఉంది. పైనుంచి కిందికి చూశారు. ఒక ప్రశ్న మీద వేలు పెట్టి కాసేపు ఆలోచించారు. జేబులోంచి కలం తీసి, మొదటి గడిలో టిక్కు పెట్టారు. రెండో ప్రశ్నకు మొదటి గడిలో. మూడో ప్రశ్నకు కూడా.

"చదవడం రాదని చెప్పొచ్చుగా" అన్నారు లలితాంబ గారు నవ్వుతూ.

"ఇచ్చింది అంత మర్యాద తెలిసిన అమ్మాయి అయితే ఎలా చెప్పగలను?" అన్నారాయన. ఫారం మూస్తూ, "నలభై ఏళ్లుగా ఫారాలు పంచుతున్నాను. నా వాటిలో ఇలాంటివి ఎన్నున్నాయో" అన్నారు. గొంతులో నిజంగా బాధ ఉంది. తన టైపు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసి, బహుమతి కాగితం మీద ముందుగా ఆయనే సంతకం చేశారు. ఒక్క షరతు పెట్టారు. ఈ ఉత్తరాన్ని, ఉన్న అక్షరాల్లోనూ తెలుగు అక్షరాల్లోనూ పుస్తకం చివర అచ్చు వేయాలి. నిర్ణయ పత్రంలో మేము రాసిందల్లా ఇంతే: తన లెక్క తనకు అడ్డుపడినప్పుడు దాన్ని దాచకపోవడం, మాట ఇచ్చాక తన పేరు పోతుందన్నా తప్పకపోవడం, ఈ రెండూ ఈ పనిలో మాకు కనిపించాయి.

ముందు వరస

సాయంత్రం సభకు నాయుడు, కామాక్షమ్మ, సంతకాలు పెట్టిన మిగతా ఏడుగురూ గంట ముందే వచ్చి, ప్రిన్సిపాలుగారి కోసం ఉంచిన ముందు వరసలో కూర్చున్నారు. ఎవరూ లేపడానికి సాహసించలేదు. ప్రిన్సిపాలుగారు మూడో వరసలో సర్దుకున్నారు. సుగుణ పేరు పిలవగానే సగం సభకు వినిపించేలా కామాక్షమ్మ "మా బిడ్డ!" అంది. ప్రశంసాపత్రం ఇంగ్లీషులో చదివారు. ఆ వరసలో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు, చప్పట్లన్నీ మాత్రం అక్కడినుంచే వచ్చాయి.

సుగుణ వేదిక దిగి తిన్నగా నాయుడి దగ్గరికి వచ్చింది. ఉత్తరం సంగతి అప్పటికి ఆమెకు చెప్పారు. కళ్లు తుడుచుకుంటూ ఆ పత్రాన్ని ఆయన చేతుల్లో పెట్టింది. చుట్టూ ప్రొఫెసర్లు, విద్యార్థులు, ఊరి పెద్దలు. నేను పక్కనే ఉన్నాను. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నాడు. పైనుంచి కిందికి చూశాడు, నేను తెచ్చిన ఉత్తరాన్ని చూసినట్టే. రొంబ బాగా రాసినారు అంటాడని నేను ఎదురుచూస్తున్నాను.

"నాకు చదవను రాదమ్మా" అన్నాడు అందరికీ వినబడేలా. "నువ్వే చదివి చెప్పు."

సుగుణ ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కో వాక్యమూ తెలుగులో చెప్పింది. వేదగిరి గారు కూడా వంగి విన్నారు. నేను పొట్లం విప్పి అందరికీ మురుకులు పంచాను.